ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా, అసలు పెట్టాలా?

పరీక్షలో ఎ, యాన్ ఖాళీలు రాగానే చాలామంది కళ్ళు మూసుకొని ఏదో ఒకటి పెడతారు గదా, వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మేము ఇంట్లో గోండి మాట్లాడతాం, హాస్టల్లో తెలుగు. రెండిట్లోనూ "గొడుగు తీసుకురా" అంటే చాలు. లెక్క చెప్పాలంటేనే తెలుగులో ఒకటి అంటాం, గోండిలో ఉండి అంటాం. ఇది తెలుగు ఉండి కాదు, నవ్వకండి. ఇంగ్లీషు అట్ల ఊరుకోదు. లెక్కపెట్టగల వస్తువు గాని మనిషి గాని ఒక్కటే ఉంటే ఆ పేరు ముందు ఏదో ఒక మాట ఉండాలి. మై, దిస్, ది లాంటివి ఉంటే సరే. లేకపోతే ఎ గాని యాన్ గాని రావాలి. ఎవరైనా ఆఫీసరు వచ్చి మీ నాన్న ఏం చేస్తాడని ఇంగ్లీషులో అడిగితే "మై ఫాదర్ ఈజ్ ఫార్మర్" అనకండి, "ఈజ్ ఎ ఫార్మర్" అనండి.

లెక్కపెట్టడం దగ్గరే అసలు చిక్కు. హాస్టల్లో సబ్బులు మనం లెక్కపెట్టే తీసుకుంటాం. ఇంగ్లీషులో మాత్రం సబ్బు కూడా బియ్యం, నీళ్ళ లాంటిదే. "ఎ సోప్" అనరు, "ఎ బార్ ఆఫ్ సోప్" అంటారు. సుద్దముక్క "ఎ పీస్ ఆఫ్ చాక్". "ఐ ఏట్ చికెన్" అంటే కోడికూర తిన్నానని. "ఐ ఏట్ ఎ చికెన్" అంటే కోడి మొత్తం నేనే తిన్నానని! మన హాస్టల్లో అది జరిగే పని కాదు.

ఇక ఎ, యాన్ లో ఏది అనేది స్పెల్లింగును బట్టి కాదు, శబ్దాన్ని బట్టి. నేను మాటను తెలుగులో రాసి చూస్తాను. మొదట అచ్చు వస్తే యాన్, హల్లు వస్తే ఎ. అవర్ కి స్పెల్లింగులో హెచ్ ఉన్నా యాన్ అవర్. యూనిఫాం లో య ఉంది, కాబట్టి ఎ యూనిఫాం. కాని యాపిల్, యాంట్ లో య మనం రాసుకున్నదే, ఇంగ్లీషులో అక్కడ అచ్చే పలుకుతుంది, కనుక యాన్. యస్.ఐ., యం.ఎల్.ఏ. కూడా అంతే. మనం ఒన్ రూపీ అంటాం, వాళ్ళు వన్ అంటారు, కనుక ఎ వన్ రూపీ కాయిన్.

ఇవి పూరించండి: —— ఎగ్, —— అంబ్రెల్లా, —— యూనివర్సిటీ, —— ఎస్.టి. హాస్టల్, —— రైస్. ఒకదానికి ఏమీ పెట్టక్కర్లేదు. జవాబులు వచ్చే ఆదివారం ఇక్కడే అంటిస్తాను.