మోటరు చప్పుడు కాదు, పైపు నోరు చూడాలి

మాది ముఖేడ్. నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం. నాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బాపు ఇంటి దగ్గర తెలుగులో చెప్పిన మాటను పొలంలో ఉన్న మా సాలగడీకి, అంటే ఏడాది జీతగాడికి, మరాఠీలో చేరవేసే పని నాది.

పొలానికి కరెంటు కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి వచ్చేది. ఒక రాత్రి వంతు నాడు బాపు, "మోటరు ఎయ్యుమను, జర సూస్కోమను" అన్నాడు. నేను వెళ్లి "కాకా, మోటర్ చాలూ కర్, లక్ష్ ఠేవ్" (మోటరు వెయ్యి, చూసుకో) అని చెప్పి వచ్చాను. తెల్లారేసరికి మోటరు కాలిపోయింది. బావిలో నీళ్లు అడుగంటాయి, మోటరు ఒట్టిగా తిరిగింది. "రాత్రంతా చప్పుడు వింటూనే ఉన్నాను" అన్నాడు కాకా. నిజమే, చప్పుడుంది. నీళ్లే లేవు. చూసుకొమ్మని చెప్పాం కానీ, ఏం చూడాలో చెప్పలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరికరాలకు వివరణలు రాయడం. ఈమధ్య రాసింది ఏఐ ఏజెంట్లు వాడే ఒక పరికరం గురించి. జవాబు చెప్పి ఊరుకోకుండా, తానే కంప్యూటర్‌లో ఆదేశాలు నడిపి పని చేసిపెట్టే ప్రోగ్రామును ఏజెంట్ అంటారు. కొన్ని ఆదేశాలకు గంట పడుతుంది. వెబ్ సర్వర్ లాంటివైతే ఆపేదాకా నడుస్తూనే ఉంటాయి. వాటి ముందు కాచుకుని కూర్చుంటే మిగతా పని సాగదు. అందుకే వాటిని వెనక నడవనిచ్చి, ఏజెంట్ వేరే పని చూసుకుంటుంది.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1970ల నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఆదేశం చివర ఆంపర్‌శాండ్ గుర్తు పెడితే అది వెనక నడిచేది. దూరం నుంచి టెలిఫోన్ లైను మీద కంప్యూటర్ వాడేవారికి, ఆ లైను తెగితే నడుస్తున్న పనీ ఆగిపోయేది. ఆగకుండా కాపాడడానికి 'నోహప్' అనే ఆదేశం వచ్చింది. అయితే అప్పటి ఆదేశాల మాన్యువళ్లు చదివింది మనుషులు. నేను రాసేది చదివేది ఏజెంట్ వెనకుండే ఏఐ మోడల్. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన, మోడళ్లకు పరికరాలను కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో పరికరం తన పేరు, వివరణ, తనకు ఇవ్వాల్సిన వివరాలు చెప్పుకుంటుంది. ఆ మాటలు చదివే మోడల్ దాన్ని వాడుతుంది. అనుమానం వచ్చి పక్క స్క్రీన్ తొంగి చూడడం దానికి కుదరదు. పరికరం చేతికిచ్చిందే దానికి తెలుస్తుంది.

మా పరికరం చేసేవి మూడు పనులు: మొదలుపెట్టడం, అవుట్‌పుట్ చూపడం, ఆపడం. ఆదేశం మొదలవగానే 'సక్సెస్' అని చెబుతుందని నా మొదటి ప్రతిలో రాశాను. ఏజెంట్ ఒక ప్రోగ్రాము పరీక్షలను వెనక మొదలుపెట్టి, ఆ మాట చూసి, "అన్నీ నెగ్గాయి" అని చెప్పేసింది. అప్పటికి అవింకా నడుస్తూనే ఉన్నాయి. చివరకు రెండు తప్పాయి. నాకు కాకా గుర్తొచ్చాడు.

మోటరు కాలిన తర్వాత బాపు మాట మారింది: "సప్పుడు కాదు, పైపు నోరు సూడుమను. నీళ్లు సన్నగైతే బంద్ చెయ్యుమను." నేనూ వివరణను అలాగే తిరిగి రాశాను:

మొదలైంది అంటే పూర్తయిందని కాదు. మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన నంబరుతో అవుట్‌పుట్ చదువు. ఆదేశం ముగిసి, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఆదేశం ఇచ్చే ఫలితపు సంఖ్య) 0 వస్తేనే నెగ్గినట్టు. కొత్త అవుట్‌పుట్ రాలేదంటే ముగిసినట్టు కాదు, స్థితి చూడు. సర్వర్ తనంతట ముగియదు, సిద్ధమైనట్టు కనబడగానే ముందుకు వెళ్లు. అదే సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టకు, దాని పోర్టు ఖాళీగా ఉండదు. పనయ్యాక ఆపు.

ఆపడం గురించీ విడిగా రాయాల్సి వచ్చింది. యూనిక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాముకు పంపే 15వ సిగ్నల్ "సర్దుకుని ఆగు" అని అడుగుతుంది. 9వది అడగకుండా ఆపేస్తుంది. సగం రాసిన ఫైలు సగంలోనే మిగిలిపోవచ్చు. అందుకే ముందు 15, వినకపోతేనే 9.

కొత్త వివరణతో అదే పని మళ్లీ ఇచ్చాం. ఈసారి ఏజెంట్ మొదట చెప్పింది: "పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి." తర్వాత చెప్పింది: "రెండు తప్పాయి." ఆ రెండు వాక్యాలు చదివాక వివరణను ఖాయం చేశాను.