షాక్ ఎప్పుడు ఇవ్వకూడదో తెలిసిన యంత్రం

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ పద్నాలుగేళ్ల కుర్రాడికి ఛాతీ ఆపరేషన్ ముగిస్తుండగా గుండె పని మానేసింది. బెక్ ఛాతీని మళ్లీ తెరిచాడు. గుండెను చేత్తో పిసుకుతూ, నేరుగా దానికే కరెంటు పెట్టాడు. కుర్రాడు బతికాడు. ఇలా గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌తో మనిషి ప్రాణం నిలవడం అదే మొదలు.

1956లో పాల్ జోల్ ఛాతీ తెరవకుండానే షాక్ ఇచ్చి చూపించాడు. 1960ల మధ్యలో బెల్‌ఫాస్ట్ డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే యంత్రాన్ని అంబులెన్సులోకి ఎక్కించాడు. దాని బరువు 70 కిలోలు! తర్వాత బరువు తగ్గింది గానీ అసలు చిక్కు తీరలేదు. గుండె కింది గదులైన జఠరికలు లయ తప్పి వణుకుతుంటే షాక్ ప్రాణం పోస్తుంది. సినిమాల్లో చూపించినట్టు ఈసీజీ గీత పూర్తిగా సమమైపోయిన గుండెకు అది పనికిరాదు. మామూలుగా కొట్టుకునే గుండెకైతే ప్రమాదం. ఆ తేడా డాక్టరే కనిపెట్టాల్సి వచ్చేది. 1970ల చివర మొదలైన ఏఈడీలు (ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్లు) ఆ పనిని యంత్రానికే అప్పగించాయి.

డాక్టర్ ఉంటాడన్న నమ్మకం లేని విమానానికి కావలసింది సరిగ్గా ఇదే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత తక్కువకు, అంటే ఊటీలో కంటే కాస్త తక్కువకు పడిపోవచ్చు. పైగా పొడిగాలి, గంటల తరబడి కూర్చోవడం. అందుకే గాల్లో వచ్చే వైద్య సమస్యల్లో సొమ్మసిల్లడమే అన్నిటికంటే ఎక్కువ. కార్డియాక్ అరెస్ట్ చాలా అరుదు. ఒరిగిపోయిన మనిషిది ఈ రెండింటిలో ఏదో సిబ్బంది ఎలా తేల్చుకోవాలి?

ఏఈడీ మూత తెరిస్తే యంత్రమే మాట్లాడుతుంది. ఛాతీ మీది చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద అతికించాలి. ఎవరూ తాకవద్దని హెచ్చరించి, యంత్రం గుండె లయను చదివి తీర్పు చెబుతుంది. అవసరం లేదనుకుంటే మీట నొక్కినా షాక్ ఇవ్వదు.

ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ 1991లోనే తన అంతర్జాతీయ విమానాల్లో ఏఈడీలను పెట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1997లో మొదలుపెట్టింది. ఆ సంస్థలో రెండేళ్లలో 200 మందికి ఏఈడీ వాడారు. వారిలో స్పృహ తప్పినవారు 99 మంది, షాక్ ఇచ్చింది 15 మందికే. అక్కర్లేని షాక్ ఒక్కటీ లేదు. ఆ 15 మందిలో 40 శాతం ప్రాణాలతో ఆస్పత్రి దాటి ఇంటికెళ్లారు. 2004 నుంచి అమెరికాలో పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటిలో ఏఈడీ తప్పనిసరి.

పిల్లల దగ్గరికని అమెరికా విమానమెక్కే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎందరో. మంచినీళ్లు తాగుతూ, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమని వాళ్లకు చెప్పండి. పక్క సీటులో ఎవరైనా పలకకుండా, ఊపిరి సరిగా తీయకుండా పడిపోతే వెంటనే సిబ్బందిని కేకేయండి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. షాక్ నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. డాక్టర్ దొరికేదాకా ఆగకండి, ఏఈడీ తెమ్మనండి.