పెద్ద టైర్లును పండ్లచక్రములును

నిర్మలునుండి ఆదిలాబాదునకుఁ బోవు దారిలోని మహబూబు ఘాటును జూచినవారికి మేము చెప్పఁబోవునది సులభముగాఁ దెలియును.

యుద్ధకాలపు విల్లీస్ జీపు ఇరుసుపెట్టెలో 8 పండ్ల పినియను 39 పండ్ల పెద్దచక్రమును ద్రిప్పును. అనఁగా పినియను సుమారు 4.88 మార్లు తిరిగినఁగాని బండిచక్రము ఒకమారు తిరుగదు. 28 అంగుళముల టైరు తీసి, చూపునకు బాగుండునని 31 అంగుళములది తొడిగితిమేని, ప్రతి చుట్టునకును బండి హెచ్చు దూరము పోవలసివచ్చును. ఇంజను బలము చాలక, ఎక్కుడులో క్లచ్చు మాడును. మా యభిప్రాయమున దిగుడే యంతకంటె భయంకరము. గేరులో నుంచినను ఇంజను బండిని మునుపటివలె నాపఁజాలదు. భారమంతయు బ్రేకులపైఁ బడును.

4.88ను 31చే గుణించి 28చే భాగించిన 5.40 వచ్చును. 8 పండ్లకు 43 పండ్ల జత వేసినచో 5.38 గనుక దాదాపు సరిపోవును. 1945లో వెలువడిన సీజే-2ఏ జీపునకు ఈ జతయే యుండెను. అయితే రెండిరుసులను మార్చవలెను. ఖర్చునకు వెఱచి వెనుకదానినే మార్చి, గట్టినేలపై నాలుగుచక్రములకును బలమిచ్చినచో, ఇరుసులు రెండును ఒకదానితో నొకటి పెనఁగులాడి పండ్లు విఱుగును.