తుంటి ఆపరేషన్ తర్వాత ఆ మూడు నెలలు



మన దుర్గిలోగానీ చుట్టుపక్కల ఊళ్లలోగానీ ఒక ఇంట్లో పెద్దవాళ్లు జారిపడి తుంటి విరిగిందంటే అందరూ కదులుతారు. బండి మాట్లాడేది ఒకరు, మాచర్లకో నరసరావుపేటకో గుంటూరుకో వెంట వెళ్లేది ఒకరు, రక్తం ఇచ్చేది ఇంకొకరు. మసీదులో దుఆ చేస్తారు. ఆపరేషన్ అయి మనిషి ఇంటికి చేరగానే "అల్‌హమ్దులిల్లాహ్, గండం గడిచింది" అనుకుని ఎవరి పనుల్లోకి వారు వెళ్లిపోతారు. ఆ ఇంటికి మాత్రం అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఆ తర్వాతి మూడు నెలల్లో రోగి శరీరానికి, మనసుకు ఏం కావాలో, అందులో మనం ఏం చేయగలమో చెప్పడానికే ఈ వ్యాసం.

ఎందుకు విరుగుతుంది?

వయసు పైబడేకొద్దీ ఎముక గుల్లబారుతుంది. నెలసరి ఆగిపోయిన ఆడవారిలో ఇది మరీ ఎక్కువ. ఎండ తగలక విటమిన్-డి తగ్గినా ఎముక బలహీనపడుతుంది. ఇల్లు దాటని మన అమ్మలు, నానీలు, దాదీలలో ఈ లోపం సాధారణం. మన ఇళ్లలో పరిచేది నాపరాయి. తడిసిందంటే జారుతుంది. రాత్రిపూట మూత్రానికి లేచినప్పుడు చీకటి, బీపీ మాత్రల వల్ల కళ్లు తిరగడం, కంటిలో శుక్లం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా చాలు.

తుంటి కీలులో తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. ఆ బంతి కింద మెడలాంటి భాగం విరిగితే చాలాసార్లు బంతినే మారుస్తారు. ఇంకాస్త కింద విరిగితే రాడ్డు, స్క్రూలతో బిగిస్తారు. కీలు మొత్తం అరిగిపోతే గిన్నె, బంతి రెండూ మారుస్తారు. నేటి తుంటి మార్పిడికి దారి చూపింది ఇంగ్లండు డాక్టర్ జాన్ చార్న్‌లీ. 1962లో ఆయన స్థిరపరచిన పద్ధతి మీదే తర్వాతివారంతా నడిచారు. ఇలాంటి ఆపరేషన్లు లేని రోజుల్లో తుంటి విరిగితే నెలల తరబడి మంచం మీదే. వీపున పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, కాలిలో రక్తం గడ్డకట్టి ఎంతోమంది పోయేవారు. ఇప్పటికీ తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. అందుకే వీలైతే ఆపరేషన్ అయిన మర్నాడే డాక్టర్లు రోగిని లేపి నిలబెడతారు. "ఇంత ముసలావిడను అప్పుడే నడిపిస్తారా?" అని మనవాళ్లు కోప్పడతారుగానీ, ఆమెను కాపాడేది ఆ నడకే.

అన్నీ ఉన్నవారికే ఎనిమిది వారాలు

2023 డిసెంబరు 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు ఎర్రవల్లిలోని తమ ఇంట్లో జారిపడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మర్నాడే హైదరాబాదు యశోద ఆసుపత్రిలో తుంటి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆ వెంటనే వాకర్ పట్టుకుని ఆయన నడుస్తున్న దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టర్లు ప్రకటించారు. 2024 ఫిబ్రవరి 1న శాసనసభ్యుడిగా ప్రమాణం చేయడానికి ఆయన చేతికర్రతో వచ్చారు. అంటే దాదాపు ఎనిమిది వారాలు.

పెద్ద ఆసుపత్రి, పిలిస్తే పలికే డాక్టర్లు, చుట్టూ మనుషులు ఉన్న వ్యక్తికే అంత కాలం పట్టింది. మన దగ్గర ఒక గదీ వసారా ఉన్న ఇల్లు. పడక నేల మీద, దస్తర్‌ఖాన్ నేల మీద, మరుగుదొడ్డి కూర్చునే రకం. కొడుకు, కోడలు మిరపకోతలకు వెళ్తేనే పొయ్యి వెలిగేది. ఆ ఇంట్లో ఎనిమిది వారాలు గడవడం ఎలా?

శరీరానికి కావలసింది

బంతి మార్చిన ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు కొన్ని జాగ్రత్తలు చెబుతారు. నేల మీద కూర్చోకూడదు. గొంతుకూర్చోకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. ఇవి తప్పితే కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉంది. ఎన్నాళ్లు పాటించాలో, కాలి మీద ఎంత బరువు వేయాలో ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి డిశ్చార్జి ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

మంచం, కుర్చీ, కమోడ్ కుర్చీ, వాకర్, ఈ నాలుగూ రోగి ఇంటికి రాకముందే సిద్ధంగా ఉండాలి. మంచం లోతుగా కుంగే నులకది కాకుండా గట్టి పరుపుతో, తగిన ఎత్తులో ఉండాలి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కమ్మీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించాలి.

వ్యాయామం రోజూ జరగాలి. పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం, వాకర్‌తో కొద్దికొద్దిగా దూరం పెంచడం. చేతికర్రకు మారాక దాన్ని ఆపరేషన్ కాలికి ఎదురువైపు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. గుడ్డు, పప్పు, పాలు, మాంసం తినాలి. పథ్యం పేరుతో చారన్నం పెడితే కండ రాదు. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోవాలి. ఎముక గట్టిపడే మందు గురించి డాక్టరును అడగాలి. ఒకసారి విరిగినవారికి రెండో తుంటీ విరిగే అవకాశం ఎక్కువ.

జ్వరం, గాయం నుంచి చీము, పిక్కలో వాపూ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, కాలు పొట్టిగా మారి తిరిగిపోవడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మనసుకు కావలసింది

ఆపరేషన్ తర్వాత కొందరు వృద్ధులు రెండు మూడు రోజులు తికమకపడతారు. లేనివారిని పిలుస్తారు, రాత్రి అరుస్తారు, కన్నబిడ్డనే గుర్తుపట్టరు. గాలి సోకిందని మనవాళ్లు తాయెత్తుల కోసం పరుగెత్తుతారు. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన స్థితి. ఒంట్లో ఉప్పు తగ్గడం, ఇన్ఫెక్షన్, మూత్రం బిగపట్టడం, నొప్పి, నిద్రలేమి దీనికి కారణాలు. వెంటనే డాక్టరుకు చెబితే చాలామందిలో తగ్గుతుంది. కళ్లద్దాలు పెట్టి, తెలిసిన గొంతుతో పక్కన కూర్చుని మాట్లాడితే మనిషి నిమ్మళిస్తారు.

ఇంటికొచ్చాక వచ్చే దిగులు వేరు. మళ్లీ పడతానేమోనన్న భయంతో కొందరు అసలు లేవరు. కోడలి చేత మలమూత్రాలు ఎత్తించుకోవాల్సి వచ్చిందని సిగ్గుతో నీళ్లు తాగడం మానేసేవారున్నారు. "అల్లాహ్ నన్ను త్వరగా తీసుకుపోతే బాగుండు" అనే మాట మనం ఎన్నో ఇళ్లలో విన్నాం. దాన్ని ముసలివాళ్ల సణుగుడుగా కొట్టిపారేయకూడదు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, మాట తగ్గితే డాక్టరుకు చెప్పాలి. దిగులుకూ వైద్యం ఉంది.

రోగిని చూసుకునేవారి మనసు కూడా చూడాలి. చాలా ఇళ్లలో ఆ భారం ఒక్క కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఇరుగుపొరుగు ఆడవారు వారానికి రెండు పూటలు వెళ్లి కూర్చుంటే ఆమెకు కాస్త ఊపిరి ఆడుతుంది.

నమాజు బెంగ

మనవాళ్ల దిగుల్లో ఒకటి డాక్టర్లకు కనిపించదు. యాభై ఏళ్లు జానిమాజు మీద నుదురు ఆనించినవారికి సజ్దా చేయలేకపోవడం పెద్ద దుఃఖం. ఎవరూ లేనప్పుడు నేల మీదికి దిగి ప్రయత్నించేవారూ ఉన్నారు. అది చాలా ప్రమాదం. అనారోగ్యంతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిలబడి చేయమన్నారు, కుదరకుంటే కూర్చుని, అదీ కుదరకుంటే పక్కకు ఒరిగి చేయమన్నారు. కుర్చీలో కూర్చుని సైగతో చేసిన నమాజు లోటున్న నమాజు కాదని ఇమామ్ సాహెబ్ స్వయంగా ఇంటికి వచ్చి చెబితే ఆ మాటకు ఎంతో బలం ఉంటుంది. వుజూలో కాళ్లు కడుక్కోవడానికి వంగకుండా మరొకరు నీళ్లు పోసి సాయం చేయవచ్చు. ఉపవాసాలు రోగి కోలుకున్నాక పూర్తి చేసుకునే వెసులుబాటు దివ్యఖుర్‌ఆన్ ఇచ్చింది.

దాతలు ఏం చేయవచ్చు?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద అర్హులైన పేదలకు ఎన్నో ఆపరేషన్ల ఖర్చు తీరుతోంది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5000 మించకుండా ఇచ్చే ఏర్పాటు 2019 డిసెంబరులో మొదలైంది. కూలి మనిషికి విశ్రాంతి కూడా వైద్యమేనని ప్రభుత్వం గుర్తించిన సందర్భం అది. తమకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో డిశ్చార్జికి ముందే అడగాలి.

ఇంట్లో జరిగే ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ రాదు. అక్కడే మీ చేయి అవసరం. వాకర్, కమోడ్ కుర్చీ రెండూ కలిపినా కొన్ని వేల రూపాయలే. ఒకరికి నయమయ్యాక ఇంకొకరికి ఇవ్వవచ్చు కాబట్టి ఇది సదఖా జారియా అవుతుంది. అయితే వీటికి సదఖా సొమ్మే ఇవ్వండి. జకాత్ సొమ్ము హక్కుదారుడి సొంతం కావాలన్నది హనఫీ ఉలమా మాట. సంఘం దగ్గర ఉండి చేతులు మారే వస్తువుకు అది కుదరదు. జకాత్‌ను అర్హులైన రోగి చేతికే ఇవ్వండి. మందులకు, గుడ్లకు, పాలకు, ఫిజియోథెరపీకి, పని మానుకుని ఇంట్లో ఉన్న మనిషి కూలికి అది పనికొస్తుంది. డబ్బు ఇవ్వలేనివారు కుట్లు తీయించడానికీ, చెకప్‌కూ సీటు ఎత్తుగా ఉన్న కారులో తీసుకెళ్లవచ్చు. కిక్కిరిసిన ఆటోలో ముడుచుకుని కూర్చోవడం ఆ కాలికి మంచిది కాదు.

మీ వీధిలో ఎవరికైనా తుంటి ఆపరేషన్ జరిగిందని తెలిస్తే డిశ్చార్జి తేదీకి ముందే మాకు కబురు చేయండి. రోగి గడప దాటి లోపలికి వచ్చే రోజుకే కుర్చీ, వాకర్ ఆ ఇంట్లో ఉండాలన్నది మా కోరిక. ఇన్షా అల్లాహ్, మీ సహకారంతో అది నెరవేరుతుంది. రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.