సందేశాల జల్లెడ

కంప్యూటర్ల ఆధారంగా నడిచే కర్మాగారంలో ప్రతి యంత్రమూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. పంపు నడిచింది, వాల్వు మూసుకుంది, ఫైలు భద్రమైంది, లైను తెగింది – ఇలా రేయింబవళ్లు వచ్చి చేరే సందేశాలలో మన తక్షణ దృష్టి కోరేవి కొన్నే. వాటిని పట్టుకోవడం ఎలా?

1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారంలో పేలుడు సంభవించింది. అందుకు ముందు చివరి 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల ఎదుట 275 అలారాలు మోగాయి. వారికి సమాచారం కొరవడలేదు. ఏది ముఖ్యమో తెలిపే క్రమం కొరవడింది.

కంప్యూటర్ సందేశాలకు అటువంటి క్రమాన్ని కల్పించినది సిస్‌లాగ్ పద్ధతి. 1980వ దశకంలో బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ దీనిని సెండ్‌మెయిల్ అనే తపాలా ప్రోగ్రాము కోసం రూపొందించారు. ఇందులో ప్రతి సందేశానికీ రెండు ముద్రలుంటాయి: ఏ విభాగం నుండి వచ్చింది, ఎంత తీవ్రమైనది. తీవ్రతకు 0 నుండి 7 వరకు ఎనిమిది మెట్లు. 0 అత్యవసరం, 3 దోషం, 4 హెచ్చరిక, 6 సమాచారం. అంకె తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది.

లినక్స్‌లో ‘లాగర్’ అనే ఆజ్ఞతో మనమే ఇటువంటి సందేశాన్ని నమోదు చేయవచ్చు. రాత్రి బ్యాకప్ విఫలమైందనుకుందాం. ఆ పని చేసే స్క్రిప్టులో ‘లాగర్’ తరువాత ‘-పి లోకల్0.ఎర్’, ‘-టి బ్యాకప్’ అని ఉంచి, ఆపై సందేశం వ్రాస్తే చాలు. మొదటిది విభాగాన్నీ తీవ్రతనూ తెలుపుతుంది. రెండవది గుర్తింపు పేరు. లోకల్0 విభాగ సంఖ్య 16. దానిని 8తో హెచ్చించి, దోషానికి 3 కలుపగా వచ్చే 131 ఆ సందేశపు ప్రాధాన్య సంఖ్య.

సిస్టమ్‌డి ఉన్న యంత్రాలలో మరునాటి ఉదయం ‘జర్నల్‌సీటీఎల్ -పి ఎర్’ అని అడిగితే దోషాలూ, అంతకంటె తీవ్రమైనవీ మాత్రమే తెరపైకి వస్తాయి. ‘-టి బ్యాకప్’ అని కూడా చేర్చితే బ్యాకప్‌వి మాత్రమే కనిపిస్తాయి. మిగిలినవి ఈ వడపోత వల్ల చెరిగిపోవు, మరుగున ఉంటాయి. ఈ భేదం ముఖ్యమైనది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని నిర్దేశించాయి. కనుక చూపులో పొదుపు పాటించాలే గాని, నమోదులో కాదు.

అయితే జల్లెడ ఎంత మంచిదైనా, ముద్ర వేసేది మనిషే. ప్రతి చిన్న విషయానికీ ‘అత్యవసరం’ అని ముద్ర వేస్తే ‘నాన్నా! పులి’ కథే పునరావృతమవుతుంది. నిజమైన దోషానికి ‘సమాచారం’ అని వేస్తే దానిని చూసేవారే ఉండరు. ఏ సందేశానికి ఏ మెట్టు తగునో ప్రోగ్రాము వ్రాసేవారు ఒక్కరే నిర్ణయించరాదని మా అభిప్రాయం. రాత్రి షిఫ్టులో ఆ తెర ముందు కూర్చునేవారిని కూడా అడగాలి. ఆ తరువాత లాగర్‌తో ఒక పరీక్షా సందేశం పంపి, అది డ్యూటీలో ఉన్నవారి కంటబడినదో లేదో చూడాలి. అందుకు పట్టే కాలం ఒక్క నిమిషం.