గ్రహణిని వేడి అనుకోకండి

మన కోనసీమ ఇళ్ళల్లో నెలల తరబడి విరేచనాలై, నోరు పూసి, మనిషి పాలిపోతున్నా "వేడి చేసిందిలే" అని మజ్జిగతో సరిపెడతాం. అది తిన్నదాని సారాన్ని చిన్నపేగు పీల్చుకోలేని గ్రహణి కావచ్చు. డాక్టర్లు స్ప్రూ అంటారు.

వశిష్ఠ అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరిని ఈ జబ్బే పొట్టన పెట్టుకుంది. దీనికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో తయారుచేసింది ఆయన బృందమే!

మలం తెల్లగా, జిడ్డుగా పోతుంటే ఆలస్యం చేయకండి. రక్తం, మలం పరీక్షిస్తారు. అవసరమైతే గొట్టం వేసి పేగు ముక్క తీసి చూస్తారు. ఫోలిక్ ఆమ్లం, బి-12, టెట్రాసైక్లిన్ డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడాలి. ఫోలిక్ ఆమ్లమొక్కటే సొంతంగా కొని మింగితే, బి-12 లోపం లోలోపలే ఉండి నరాలు దెబ్బతినవచ్చు.

అందరికీ వడ్డించి తన జబ్బు దాచుకునే ఇల్లాలే ముందు చూపించుకోవాలి సుమా!