వేడిని లెక్కించని వేగం

విద్యుత్ కేంద్రంలో పనిచేసే మనకు వేడి కొత్త కాదు. బాయిలరు వద్ద, టర్బైను వద్ద, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఉష్ణోగ్రతలను గంటగంటకూ లాగ్‌బుక్కులో నమోదు చేయడం మన నిత్యకృత్యం. ఒక బేరింగు నాలుగు డిగ్రీలు అధికంగా వేడెక్కితే షిఫ్టు ఇన్‌చార్జికి వెంటనే ఫోను వెళుతుంది. అటువంటి మనమే ఇంటికి వచ్చిన తరువాత, బల్లమీది కంప్యూటరులో గోరంత సిలికాన్ ముక్క ఎంత వేడిని భరిస్తున్నదో ఒక్కసారైనా గమనించము. ఆ నిర్లక్ష్యానికి, దానికి తోడైన అత్యాశకు, నేను ఒకప్పుడు తగిన మూల్యమే చెల్లించాను. టౌన్‌షిప్‌లోని పిల్లలు అనేకులు ఇప్పుడు స్వయంగా కంప్యూటర్లు అమర్చుకుంటున్నారు గనుక, ఆ అనుభవాన్ని వారి ముందు, వారి తల్లిదండ్రుల ముందు ఉంచడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

మూడు వందలు నాలుగు వందల యాభై అయిన వైనం

1999 జనవరిలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, సికింద్రాబాదు వెళ్ళి విడిభాగాలు కొనితెచ్చి, క్వార్టరులోనే ఒక కంప్యూటరు అమర్చుకున్నాను. అందులోని ప్రాసెసరు ఇంటెల్ సెలెరాన్ 300ఏ. 1998 ఆగస్టులో విడుదలైన ఈ ప్రాసెసరు నాటి ఔత్సాహికులకు వరప్రసాదం వంటిది. దాని నిర్ణీత వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు నుండి వచ్చే 66 మెగాహెర్ట్జ్ స్పందనను అది లోపల నాలుగున్నర రెట్లు చేసుకుంటుంది. గుణకాన్ని మార్చడానికి వీలులేదు. అయితే 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డుపై మూల స్పందనను 100 మెగాహెర్ట్జ్‌గా నిర్ణయిస్తే, అదే ప్రాసెసరు 450 మెగాహెర్ట్జ్ వేగంతో పరుగెత్తుతుంది. తక్కువ ధరకు కొన్న వస్తువు ఎంతో ఖరీదైన వస్తువుతో సమానంగా పనిచేస్తుంది. దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

ఇది మాయ కాదు. తయారీదారు ప్రతి చిప్పునూ కొంత భద్రతా వ్యత్యాసం ఉంచి అమ్ముతాడు. మన పంపులకు, మోటార్లకు డిజైన్ మార్జిన్ ఉన్నట్లే దీనికీ ఉంటుంది. ఆ మార్జినును మనం ముందుగానే వాడుకుంటున్నాము, అంతే. మూడు నెలలపాటు నా యంత్రం 450 వద్ద నిరాటంకంగా పనిచేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆశకు అంతులేదు

ఆ రోజులలో మా నాన్నగారు మా వద్దనే ఉండేవారు. ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. 1930లో కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివి, 1948 నాటి కల్లోలాన్ని కళ్ళారా చూసినవారు. ప్రతి సాయంత్రం ఆయన తన జీవితాన్ని చెబుతూ ఉంటే, నేను కంప్యూటరులో తెలుగులో టైపు చేసేవాడిని. ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు, కరువులో దిగుడుబావి తవ్విన వారి పేర్లు, మా నాయనమ్మ పాడిన దంపుడు పాటలు, ఇలా 60 పుటలకు పైగా పోగుపడినవి. కథ 1972 వరకు వచ్చింది.

ఏప్రిల్ నెలలో నాకు 450 చాలదనిపించింది. మూల స్పందనను 112 మెగాహెర్ట్జ్‌కు పెంచితే వేగం 504 అవుతుంది. ఐదు వందలు దాటిందని స్నేహితులకు చెప్పుకోవాలనే కోరిక తప్ప, దానివల్ల నాకు ఒనగూడే ప్రయోజనం ఏమీ లేదు. యంత్రం నిలకడగా ఉండడానికి వోల్టేజీని 2.0 నుండి 2.2 వోల్టులకు పెంచాను. కేబినెట్ మూత తీసివేసి, ప్రక్కన టేబులు ఫ్యాను పెట్టాను. బోర్డుపై ఉన్న సెన్సారు 48 డిగ్రీలు చూపించింది. వేడి అదుపులోనే ఉన్నది కదా అని ధీమాగా ఉన్నాను.

మే నెలలో ఒక సాయంత్రం నాన్నగారు వచ్చి కూర్చున్నారు. ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించాయి. ఫ్లాపీలో నకలు ఉన్నది. అయితే ప్రతి రాత్రి అదే ఫ్లాపీపై, అదే పేరుతో నకలు చేసేవాడిని. చెడిపోయిన ఫైలే మంచి ఫైలును చెరిపివేసింది. రెండింటిలోనూ ఒక్క పుట కూడా మిగలలేదు.

కారణం తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ బోర్డులో హార్డు డిస్కుతో మాట్లాడే పీసీఐ మార్గపు వేగం మూల స్పందనలో మూడవ వంతు ఉండేది. 100 అయితే 33 మెగాహెర్ట్జ్, అది నిర్ణీత విలువ. 112 అయితే 37 దాటుతుంది. ప్రాసెసరు తట్టుకున్నది గాని, డిస్కు మార్గం తట్టుకోలేకపోయింది. యంత్రం ఆగిపోలేదు, హెచ్చరించలేదు. పనిచేస్తున్నట్లే కనిపిస్తూ, వ్రాసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా తప్పు వ్రాసింది. నేను చూస్తూ కూర్చున్నది ఒక్క ఉష్ణోగ్రతనే. ప్రమాదం నేను చూడని చోటునుండి వచ్చింది.

నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్ళీ చెబుతానులేరా, రాసుకో" అన్నారు. మళ్ళీ చెప్పారు. కానీ ఒకసారి చెప్పిన కథను మనిషి రెండవసారి అదే విధంగా చెప్పడు. పేర్లు తగ్గినవి, పాటలు పోయినవి. ఈసారి నేను నోటు పుస్తకంలో వ్రాశాను. 1952లో ఆయన ఉద్యోగంలో చేరిన సంఘటన వరకు వచ్చేసరికి, 2001 జనవరిలో ఆయన కాలం చేశారు.

వేడి లెక్క

ప్రాసెసరులో కోట్లాది సూక్ష్మమైన స్విచ్చులు ఉంటాయి. ప్రతి స్విచ్చూ మారినప్పుడల్లా కొంత విద్యుదావేశం నిండి ఖాళీ అవుతుంది. అందువల్ల పుట్టే వేడి వేగానికి అనులోమానుపాతంలోనూ, వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది. నా పాత యంత్రానికే ఈ లెక్క వేసి చూడండి. వేగం 300 నుండి 504కు, అనగా 1.68 రెట్లు పెరిగింది. వోల్టేజీ 1.1 రెట్లు, దాని వర్గం 1.21. రెండింటినీ గుణిస్తే 2.03. వేగం ఒకటికి ముప్పాతికకన్నా తక్కువగా పెరిగితే, వేడి రెట్టింపు అయింది. వోల్టేజీని ముట్టుకున్నవాడు వేడితో బేరం పెట్టుకున్నట్లే.

పరిశ్రమ మొత్తానికీ ఇదే పాఠం ఎదురైంది. ట్రాన్సిస్టరు చిన్నదైన కొద్దీ వోల్టేజీని కూడా తగ్గించవచ్చునని, కాబట్టి వేడి పెరగదని 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు నిరూపించారు. మూడు దశాబ్దాలు ఆ సూత్రమే పరిశ్రమను నడిపించింది. ఆ తరువాత వోల్టేజీ ఇంకా తగ్గించడానికి వీలులేకపోయింది. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ వద్ద నిలిచింది. 4 గిగాహెర్ట్జ్ నమూనాను ఇంటెల్ ఆ సంవత్సరమే విరమించుకున్నది. ఒకే కోరును వేగంగా పరుగెత్తించే బదులు అనేక కోర్లకు పని పంచే పద్ధతి అక్కడినుండి బలపడింది. ద్రవ హీలియం పోసి, 2022 చివరలో ఒక ప్రాసెసరును 9 గిగాహెర్ట్జ్ దాటించినవారు లేకపోలేదు. అది ప్రదర్శన, సంసారం కాదు.

అమ్మాయితో కలిసి

2023లో, ఆర్కిటెక్చరు చదువుతున్న మా అమ్మాయి తన నమూనా చిత్రాల రెండరింగు కొరకు డెస్క్‌టాప్ కావాలన్నది. ఇద్దరం కలిసి అమర్చుదామని నిశ్చయించుకున్నాము. ఎనిమిది కోర్ల రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసరు తీసుకున్నాము. పని ప్రారంభించే ముందు ఎర్తింగు పరీక్షించాను. కేబినెట్ లోహాన్ని తాకి, ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకున్న తరువాతనే బోర్డును ముట్టుకోవాలని చెప్పాను. ఈ తరహా ప్రాసెసర్లలో సూదులు చిప్పుకు కాక సాకెట్టుకే ఉంటాయి. ఒక్క సూది వంగినా బోర్డు వృథా. అమ్మాయి ఊపిరి బిగబట్టి దానిని అమర్చింది.

ప్రాసెసరుపై పేస్టు ఎందుకని అడిగింది. రెండు లోహపు తలాలు ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య గాలి మిగులుతుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400 అయితే, మంచి పేస్టుది 5 నుండి 10, గాలిది 0.03 కన్నా తక్కువ. పేస్టు రాగికి సాటిరాదు, గాలికన్నా వందల రెట్లు మేలు. కనుక గాలిని తరిమివేయడానికి చాలినంత మాత్రమే వాడాలి. కూలరులోని రాగి గొట్టాల లోపల కొద్దిపాటి నీరు అల్పపీడనంలో ఉండి, వేడికి ఆవిరై పైకి పోయి, రెక్కల వద్ద చల్లబడి తిరిగి వస్తుంది. మన కండెన్సరులో శూన్యపీడనం క్రింద జరిగే పనికి ఇది చేతిలో పట్టేంత రూపం.

మొదటిసారి స్విచ్చు వేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉన్నది. మెమరీని పరీక్షించుకోవడానికి ఈ బోర్డులకు ఆ సమయం పడుతుంది. కంగారుపడి స్విచ్చు ఆపరాదు. తరువాత తెర వెలిగింది గాని, ఉష్ణోగ్రత క్షణాలలో 95కు చేరింది. పేస్టునూ, ఫ్యానునూ అనుమానించాను. కూలరును విప్పించినది అమ్మాయే. అడుగున అంటించిన పల్చని ప్లాస్టిక్ పొర అలాగే ఉన్నది! "నాన్నా, చెక్‌లిస్టు లేకుండా మీ ప్లాంటులో యూనిట్ స్టార్ట్ చేస్తారా?" అన్నది. సమాధానం చెప్పలేకపోయాను.

డిసెంబరు వేరు, మే వేరు

యంత్రం నిలకడగా నడిచిన తరువాత ఆమె ఓవర్‌క్లాకింగ్ ప్రస్తావన తెచ్చింది. నేను వద్దనలేదు, లెక్క వేయమన్నాను. కూలరు గుండా వెళ్ళే ప్రతి వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతున్నదో మేము కొలిచి చూస్తే, మా అమరికలో అది సుమారు 0.45 డిగ్రీలుగా తేలింది. ఈ ప్రాసెసరు పూర్తి భారంపై 142 వాట్ల వరకు తీసుకోగలదు. అనగా గది ఉష్ణోగ్రతపై 64 డిగ్రీల పెరుగుదల. డిసెంబరులో గది 24 డిగ్రీలు ఉంటే మొత్తం 88. మే నెలలో ఫ్యాను క్రింద కూడా మా గది 38 ఉంటుంది. అప్పుడు మొత్తం 102. ఈ ప్రాసెసరు పరిమితి 95. అది దాటకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చలిదేశంలో కూర్చున్నవాడు సాధించిన అంకెలను చూసి మనం మే నెలలో వాత పెట్టుకోరాదని ఆమెకు అంకెలే చెప్పాయి.

కనుక మేము ఎదురు దారి పట్టాము. బయాస్‌లోని ఎకో పద్ధతి ద్వారా పరిమితిని 88 వాట్లకు తగ్గించాము. పెరుగుదల 40 డిగ్రీలు, మే నెలలో మొత్తం 78. 60 నిమిషాలు పట్టే రెండరింగుకు 65 నిమిషాలు పట్టింది. ఐదు నిమిషాల ఓర్పుకు 24 డిగ్రీల ఉపశమనం! నేటి ప్రాసెసర్లు కర్మాగారం నుండే తమ మార్జినును చాలావరకు వాడుకుంటూ వస్తాయి. 1999లో మనం చేసిన పనిని అవి స్వయంగా చేసుకుంటున్నాయి. మనకు మిగిలినది అత్యల్పం.

మార్జినును తినివేస్తే ఏమవుతుందో 2024లో లోకమంతా చూసింది. 13వ, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారుతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తగా, అవసరానికి మించిన వోల్టేజీయే కారణమని ఇంటెల్ ప్రకటించి, సవరణలు విడుదలచేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ గురించి మనం నేర్చుకున్న పాత సూత్రం గుర్తున్నది కదా: ప్రతి 8 లేక 10 డిగ్రీల అదనపు వేడికి ఆయుర్దాయం సగమవుతుంది. సిలికాన్‌కు అంకెలు వేరుగాని, ధర్మం అదే.

కొన్ని జాగ్రత్తలు

ఓవర్‌క్లాకింగ్ చేయదలచిన యువతీయువకులకు నేను చెప్పేది ఇంతే. ఒక్కసారి ఒక్క విలువనే మార్చండి, మార్చినదానిని వ్రాసిపెట్టుకోండి. మెమ్‌టెస్ట్‌తో మెమరీని, ప్రైమ్95తో ప్రాసెసరును ఒక రాత్రంతా పరీక్షించండి. ఒక్క తప్పు వచ్చినా అది తప్పే, వెనక్కు రండి. డిసెంబరులో నిలిచిన అమరికను ఏప్రిల్‌లో మరల పరీక్షించండి. ముందునుండి చల్లని గాలి లోనికి, వెనుకనుండి వేడి గాలి బయటికి పోయేటట్లు ఫ్యాన్లను అమర్చండి. రెండు మూడు నెలలకొకసారి, విద్యుత్తు ఆపి, ఫ్యాను తిరగకుండా వ్రేలితో పట్టుకొని దుమ్ము దులపండి. అన్నింటికన్నా ముఖ్యంగా, విలువైన ఫైళ్ళ నకలును వేరొక చోట, వేరొక తేదీతో భద్రపరచండి. ప్రయోగం చేసే యంత్రంపై ఒక్కటే నకలు ఉంచడమంటే నకలు లేనట్లే.

మన కేంద్రంలో ఏ ఇంటర్‌లాకునైనా తప్పించి యూనిటును నడపవచ్చునా అని ఎవరైనా అడిగితే మనం అంగీకరించము. ఎందుకంటే ఆ పరిమితి వెనుక ఎవరిదో ఒక ప్రాణం ఉంటుందని మనకు తెలుసు. ఇంటి కంప్యూటరు వెనుక ప్రాణాలు ఉండకపోవచ్చు. కాని మళ్ళీ దొరకనివి ఉంటాయి.

క్రొత్త యంత్రంపై అమ్మాయి మొట్టమొదట రెండరింగు చేయలేదు. తాతగారి నోటు పుస్తకాన్ని బల్లపై పెట్టుకొని, నేను చదువుతూ ఉంటే తాను టైపు చేసింది. 41 పుటలు వచ్చినవి. 1952 వద్ద ఆగిపోయిన ఆ కథను మూడు చోట్ల భద్రపరచి, "తరువాత ఏమైంది నాన్నా?" అని అడిగింది. నాకు గుర్తున్నంతవరకు చెప్పడం మొదలుపెట్టాను.